నాలుగో బాకా

బండి మళ్ళీ దగ్గింది.

"ఇంకోసారి తొక్కుండ్రి డాక్టరమ్మా!" మెకానిక్ నర్సింగం అరిచాడు.

డాక్టర్ విమలమ్మ ఇంకోసారి తొక్కింది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు జోరుగా లేవబోయి, ఖళ్ళు ఖళ్ళుమని చతికిలబడింది.

అది ఆమె నాయన ఎన్నడో కొని వరంగల్లుకు తెచ్చుకున్న ఇంగ్లండ్ కారు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టాలు, బాకాల్లాంటివి, నాలుగు. పోయిన వానాకాలం షెడ్డు గోడ కూలి నాలుగోది అప్పడమైపోయింది. దాని కోసం మద్రాసు వెతికారు, కలకత్తా వెతికారు. దొరికితే ఒట్టు.

"దొరక్కపోతే ఏందమ్మా? మన వరంగల్ల చేస్త!" అని స్టేషన్ రోడ్డు రోడ్డంతా వినేలా అనేశాడు నర్సింగం. అనడం తేలిక.

ఆదివారం హైదరాబాదులో పాత కార్ల ఊరేగింపు. ఇవాళ శుక్రవారం.

"సాయంత్రం దాకా చూస్త నర్సింగం. కాకుంటే ఊరేగింపు లేదు, ఏం లేదు. లారీ ఎక్కించి బొంబాయి మెకానిక్‌కు పంపిస్త" అంది విమలమ్మ, దవాఖానాకు బయలుదేరుతూ.

నర్సింగం మిగిలిన మూడు బాకాలు విప్పి బల్ల మీద పెట్టాడు. నల్ల రంగు పూసిన ఆ మూడింటికీ దండం పెట్టడం ఒక్కటే తక్కువ. తను లేత్ మీద చేసిన అల్యూమినియం బాకాను పక్కన పెట్టి కొలిచాడు. పొడవు సరే, లోపలి వెడల్పు సరే. మరి ఈ దగ్గేంది?

"బిడ్డా, ఈ బండి చప్పుడు నేనెప్పుడో విన్న."

గుమ్మంలో ఓ ముసలాయన. చేతిలో గుడ్డ సంచి, చిన్న సుత్తె. పొద్దటి నుంచి ఎదుటి లచ్చవ్వ చాయ్ కొట్టు దగ్గర పరకాల బస్సు కోసం కూర్చున్నవాడే. గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. ఇందాకే లచ్చవ్వ చెంబు మీద చుక్కచుక్కగా ఆమె పేరు కొట్టాడు. పేరు చివర ఐదు చుక్కల పువ్వు కూడా కొట్టాడు.

"పువ్వెందుకు తాతా?" అని లచ్చవ్వ అడిగితే, "అది నా గుర్తు. ఇదే ఆఖరిది బిడ్డా, చూపు ఆనుతలేదు" అన్నాడు. రోడ్డుకు అటూ ఇటూ కాబట్టి అన్నీ నర్సింగం చెవిన పడుతూనే ఉన్నాయి.

"ఇది ఇంగ్లండ్ బండి తాతా. నువ్వెక్కడ విన్నవ్?"

ముసలాయన బల్ల దగ్గరికి వచ్చి, అల్యూమినియం బాకా మూతి మీద వేలు తిప్పాడు. "నీ దాని మూతి వాడిగున్నది బిడ్డా. గాలి అంచుకు తట్టుకుంటాంది. బిందె మూతి లెక్క అంచు బయటికి తిప్పు. జర నున్నగ."

"ఆ మూడింటికున్నది సోకు కోసం పెట్టిన అంచు. ఇదేమన్న బిందెనా?"

"ఆ నల్ల రంగు కింద ఏమున్నదో చూసినవా?"

"ఏముంటది? ఇంగ్లండ్ ఉంటది!"

ముసలాయన నవ్వాడు. చెయ్యి చాపాడు. "చూపు ఆనదు గని, చేత పడితే తెలుస్తది. ఒక్కసారి ఇయ్యి."

నర్సింగం నల్ల బాకాను చటుక్కున వెనక్కు లాక్కున్నాడు.

"ముట్టకు తాతా! ఫారిన్ మాల్. ఇసొంటి పని మన దేశంల పుట్టదు."

చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. "మంచిది బిడ్డా" అని ముసలాయన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

నర్సింగం రెండు గంటలు కొట్టుకుని చచ్చాడు. బండి దగ్గుతూనే ఉంది. చివరికి, ఎవరూ చూడటం లేదు కదా అనుకుని, కొత్త అల్యూమినియం దిమ్మె లేత్‌కు ఎక్కించాడు. బిందె మూతిలా అంచు బయటికి తిప్పాడు. నున్నగా రుద్దాడు.

సాయంత్రం విమలమ్మ తాళం తిప్పింది.

అబ్బ! అదీ చప్పుడంటే! రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయాయి. లచ్చవ్వ పొయ్యి మీది చాయ్ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. విమలమ్మ ఇంకా తొక్కింది, ఇంకా తొక్కింది. ఒక్క దగ్గు లేదు! నర్సింగం రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు.

"ఎట్ల చేసినవ్ నర్సింగం? ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరమ్మా? నేనే ఆలోచించిన!"

లచ్చవ్వ నర్సింగం దిక్కు ఓ చూపు చూసి, చాయ్ పొంగుతోందని వెనక్కు తిరిగింది.

"బొంబాయి వద్దు, ఏం వద్దు. నాలుగూ ఒక్క తీరుగ మెరవాలె. ఆ మూడింటికి నల్ల రంగు తీసెయ్యి. ఆదివారం నువ్వు కూడ నాతోటి బండిల వస్తున్నవ్" అంది విమలమ్మ.

హైదరాబాదు! ఊరేగింపులో! నర్సింగం ఈల వేస్తూ మొదటి బాకా అందుకుని గరుకు కాగితంతో రుద్దాడు. కింద తెల్లటి లోహం తేలుతుందనుకున్నాడు. పచ్చగా తేలింది.

ఇత్తడి.

ఈల ఆగిపోయింది. గబగబా రుద్దాడు. వరస తప్పకుండా పడిన సుత్తె దెబ్బలు కనిపించాయి. లేత్ ముఖం చూసిన పని కాదది, చేత్తో సాగగొట్టింది. మూతి దగ్గర ఇంకాస్త రుద్దాడు. చుక్కచుక్కగా తెలుగు అక్షరాలు బయటపడ్డాయి.

'వరంగల్లు, 1951.'

దాని చివర, ఐదు చుక్కల పువ్వు.