చెరపని నంబరు

“అమ్మా, నంబరు చెరిపారా?”

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది.

ఆసుపత్రి కొత్త భవనంలో అది కంప్యూటర్ల గది. బయటివాళ్లు రాకూడదు. అయినా గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

“ఎవరు కావాలండీ?”

“ఎవరూ వద్దమ్మా. మూసలో నంబరు చెరిపారా అని.”

ఆమె గబుక్కున కంప్యూటరు వైపు చూసింది.

ముప్పై రెండు వార్డుల్లో రోగుల హెచ్చరిక గంటలు మోగించడానికి ముప్పై రెండు కంప్యూటర్లు. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, దాన్నే మూసగా పెట్టుకుని, మిగతావాటిలోకి నకళ్లు దించుతోంది. నకలు తీసేముందు మూసలో ఉన్న గుర్తింపు నంబరు చెరిపేయాలి. అప్పుడే ఒక్కో యంత్రం తనకంటూ కొత్త నంబరు తెచ్చుకుని, ఆసుపత్రి జాబితాలో తన వరసలో తాను చేరుతుంది.

ఆమె చెరపలేదు. ముప్పై యంత్రాలు అయ్యాక గుర్తొచ్చింది. మళ్లీ మొదలుపెడితే సాయంత్రం దాకా కదలడానికి ఉండదు.

పైన నాలుగో వార్డులో ఆమె అక్క ఉంది. నిన్న ఆపరేషన్ గదిలోకి తీసుకెళుతుంటే, పట్టుకున్న చెయ్యి అక్కే విడిపించుకుంది. “పోయి పని చూసుకోవే, నేనేం చచ్చిపోతున్నానా?” అంది. ఈమె పొద్దుటినుంచి ఒక్కసారైనా వెళ్లి చూడలేదు.

“చెరిపాను,” అంది.

“జాబితా ఒక్కసారి తెరుస్తారా? ఎన్ని వరసలున్నాయో చూద్దాం.”

“మీరు డాక్టరా?”

“కాదు.”

“ఇక్కడ ఉద్యోగమా?”

“కాదమ్మా.”

“మరి నా ప్రాణం ఎందుకు తీస్తారు?”

“ఇంట్లో ముప్పై రెండు మందికీ ఒకే పేరు పెడితే, పిలిచినప్పుడు ఎవరు పలుకుతారు?”

“పెద్దాయనా, పొడుపుకథలకి నాకు టైం లేదు. పన్నెండింటికి పాత కంప్యూటర్లు ఆపేస్తారు.”

“ఆపనివ్వకండి తల్లీ!”

ఆ గొంతులో వణుకు ఆమెకు కోపం తెప్పించింది. తప్పు చేసినవాళ్లకి ముందు కోపం వచ్చేది దాన్ని పట్టుకున్నవాళ్ల మీదే.

“సెక్యూరిటీ!”

కాపలాదారు పరుగున వచ్చాడు.

“కొత్త భవనం చూడ్డానికొచ్చావా తాతా? చూసింది చాల్లే, పద.”

ముసలాయన కదిలాడు. వరండాలో మాత్రం ఆగాడు.

“ఆపరేషన్ అయినవాళ్లని ఎక్కడ ఉంచారు బాబూ?”

“నాలుగో వార్డులో. ఏం, సరదాగా నువ్వూ ఒకటి చేయించుకుంటావా?” అని నవ్వి, అతను గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

పన్నెండయింది. పాతవి ఆపేశారు.

ఆమె అప్పుడు తెరిచింది జాబితా.

ముప్పై రెండు వరసలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది.

దాని పేరు రెండో వార్డు. రెప్ప వేసి తెరిచేసరికి తొమ్మిదో వార్డు. మళ్లీ చూస్తే ఇరవై ఒకటి. ఏ యంత్రం ఆఖరున పలికితే ఆ వరస దానిదే. ఏ మంచం మీది మనిషికి ప్రాణం మీదికొచ్చినా, హెచ్చరిక గంట మోగేది ఆ క్షణాన ఆ వరసలో ఉన్న వార్డులో.

చేతిలో ఫోను మోగింది.

“కంప్యూటర్ల మేడమేనా? పద్నాలుగో వార్డు నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ గంట ఒకటే గోల. నాలుగో వార్డు, ఆరో మంచం అంటోంది. వాళ్ల గొడవ మాకెందుకండీ? ఆపేశాన్లెండి.”

ఆరో మంచం అక్కది.

మెట్లు ఎన్ని ఎక్కిందో ఆమెకు తెలీదు. పైకి వెళ్లేసరికి ఆరో మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర కింద నుంచి డాక్టరు బూట్లు కనబడుతున్నాయి. చెయ్యి వదిలింది అక్కేనని నిన్నటినుంచి సర్దిచెప్పుకుంటోంది. ఇప్పుడు వదిలింది ఎవరు?

తెర తొలగించుకుని నర్సు బయటికొచ్చింది.

“భయపడకండి. ఊపిరి అందలేదు, చూసుకున్నాం. ఇంకో రెండు నిమిషాలైతే మాత్రం...”

“మీకెలా తెలిసింది? ఇక్కడ గంట మోగలేదుగా!”

“గంటా లేదు, పాడూ లేదు. ఎవరో ముసలాయన మంచం మంచానికీ తిరుగుతూ ఒక్కొక్కళ్ల మొహంలోకీ వంగి చూస్తున్నాడు. ఇది చుట్టాలొచ్చే వేళ కాదని రెండుసార్లు తిట్టాను కూడా. మూడోసారి తిట్టబోతుంటే ‘సిస్టర్, ఈమె!’ అని కేకేశాడు.”

“ఆయనేరి?”

“ఆవిడ ఊపిరి కుదురుకునేదాకా ఉన్నాడు. తర్వాత కనబడలేదు.”

ఆమె మొదట చెయ్యాల్సిన పని చేసింది. పాత కంప్యూటర్లు ఆపినవాళ్లకి ఫోన్ చేసి, “పాతవన్నీ మళ్లీ పెట్టండి. నంబరు నేను చెరపలేదు. చెరిపానని అబద్ధం చెప్పాను,” అంది.

ఆ తర్వాత కిటికీ దగ్గరికి పరుగెత్తింది. గేటు దగ్గర కాపలాదారు ఒక్కడే ఉన్నాడు.

పాత భవనంలో పనిచేసి వచ్చిన పెద్ద నర్సు ఆమె పక్కన వచ్చి నిలబడింది.

“ఎక్కడ కొత్త కంప్యూటర్లు పెడుతున్నారని తెలిసినా వస్తాడు. ఏ ఆసుపత్రైనా సరే. ఎవరూ లోపలికి రానివ్వరు.”

“ఎవరమ్మా ఆయన?”

“పాత భవనంలో ఏళ్లపాటు మీ పని ఆయనదే. ఒకరోజు ఇలాగే నంబరు చెరపలేదు. ఒక వార్డులో మోగాల్సిన గంట ఇంకో వార్డులో మోగింది. ఒక ప్రాణం పోయింది.”

“అంత అనుభవం ఉన్న మనిషి ఎలా మర్చిపోయారు?”

“మర్చిపోలేదు, తొందరపడ్డాడు,” అంది పెద్ద నర్సు. “పని త్వరగా ముగించుకుని, ఆపరేషనయిన భార్య దగ్గరికి వెళ్లి కూర్చుందామని.”