నిమ్మచెట్టుకు తలంటు

పెన్నా మూడోసారి మా ఊరిని ముంచిపోయిన ఏడు జరిగింది ఇది. అప్పటికి నిమ్మతోటల్లో మందు కొట్టే పని పోయింది. సర్కారు వదిలిన రెక్కల పురుగులు గుడ్లు పెట్టేవి. వాటిలోంచి వచ్చే గొంగళిపురుగులు చెట్టు రసం పీల్చే పొలుసు పురుగుల్ని తినేవి. తిని తిని తోటల్లో పొలుసు పురుగన్నది లేకుండా చేశాయి. ఇక గొంగళ్లు పస్తులుండకూడదని, ప్రతి ఇంటివాళ్లూ పెరట్లో ఒక చెట్టు మీద పొలుసు పురుగుల్ని మేపాలని హుకుం వచ్చింది. మనుషులు పస్తులున్నప్పుడు రాని హుకుం పురుగులకైనా వచ్చింది, సంతోషం.

తనిఖీకి వస్తున్నారని తెలిసి మా ఇంటిది చెంచమ్మ, చుట్టాలొస్తే ఇల్లు కడిగినట్టు, పెరటి నిమ్మచెట్టును కుంకుడు నురగతో ఆకు ఆకూ రుద్దింది.

తనిఖీ అమ్మాయి చెట్టును చూసి నోరు తెరిచింది. "పురుగులేవి అవ్వా?"

"ఒక్కటుంటే చూపించు తల్లీ! పొద్దున్నించీ నడుం పడిపోయేట్టు తోమినా."

"కొంప ముంచావే అవ్వా! వచ్చే వారానికి ఈ చెట్టుకు పురుగు పట్టకపోతే మీ తోటలో గొంగళ్లను ఎత్తుకుపోతాం. తర్వాత బయట నుంచి పురుగొచ్చి పడితే మీ ఖర్మ."

ఆ తోట ఎండితే మాకు గంజి కూడా లేదు. "మరెట్టా తల్లీ?" అన్నాను.

"పక్కింటి మస్తానయ్య తాతను చూసి నేర్చుకో. చెట్టంతా పురుగే. ఈ ఏడు ఉత్తమ రైతు ఆయనే."

మస్తానయ్య జన్మలో ఆ చెట్టుకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు.

తెల్లారి గిన్నె పట్టుకుని వాళ్లింటికి పోయి, పాలల్లోకి తోడు అడిగినట్టు పురుగు పట్టిన కొమ్మ అడిగాను.

"ముందు అక్కను కట్టేసుకో బావా" అంటూ విరిచి ఇచ్చాడు.

కొమ్మను మా చెట్టుకు కట్టి, చెంచమ్మ దగ్గరికి రాకుండా అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాను.