నాలుగో మనిషి

వెనక సీట్లో నిద్రపోతున్న మహతి పక్కన ఎవరూ లేరు, అయినా అక్కడ కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలని కారు మోగడం మొదలుపెట్టింది.

అద్దంకి పెద్దత్త ఇంట్లో సెలవులు గడిపి, శశిభూషణ్, వేదశ్రీ, కూతురు మహతి ముగ్గురూ రాత్రివేళ మంగళగిరి బయల్దేరారు. ముగ్గురు కలిసి ప్రయాణం చేయకూడదని, నాలుగో మనిషి లెక్కన ఆ సీట్లో ఒక రాయి పెట్టించింది పెద్దత్త.

"గుప్పెడంత రాయికే మోగుతుందాండీ?" అంది వేదశ్రీ.

కారు నడుపుతున్న శశిభూషణ్ అద్దంలో వెనక సీటుకేసి చూశాడు. రోడ్డుకి రెండువైపులా కట్టె పీకేసిన పత్తిచేలు.

వెనక బెల్టు టిక్కుమని పడింది. మోత ఆగిపోయింది. పాప కదల్లేదు.

"కారాపండి, పాపని నా ఒళ్లోకి తెచ్చుకుంటా. అసలా రాయి ఎక్కడిదండీ?"

"చీకట్లో ఇంకెక్కడా దొరకలేదు వేదా. చేలో కొత్త సమాధి మీద నుంచి తీశాను. తీస్తూ, 'నాలుగోవాడివి నువ్వే, మాతో రా' అన్నాను."