చావింటి చుక్క

చూరుకు వేలాడుతున్న కాగితపు చుక్కను చూడగానే పెంచలమ్మ నెత్తిమీది గడ్డిమోపు అక్కడే పడేసింది.

"ఎవుర్రా నా ఇంటికి ఈ చుక్క కట్టింది?" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

తెల్లారితే క్రిస్మస్. పాళెంలో ఇంటింటికీ వెదురుబద్దలతో చుక్క కట్టి, చీకటి పడగానే లోపల దీపం పెట్టడం ఏటా ఉన్నదే. కానీ చావు జరిగిన ఇంట్లో ఏడు తిరిగేదాకా ఏ పండగా చేసుకోరు. బాప్తిస్మం పుచ్చుకుని రెండు తరాలు గడిచినా పాళెంవాళ్ళు ఈ పట్టింపు మాత్రం వదల్లేదు. పెంచలమ్మ కొడుకు దేవదానం పోయి నెల దాటిందంతే. అలాంటి ఇంటికి చుక్క కట్టడమంటే ఏడుస్తున్న మనిషి ముందు తప్పెట కొట్టడమే.

ఆమె చుక్కను ఒక్క ఊపున పెరికింది. దాన్ని చేత్తో పట్టుకుని చర్చి దారి పట్టింది.

కొడుకు పోయినప్పటినుంచి ఆమె నెత్తిమీదికి కొంగు లాక్కుని నేలచూపులు చూస్తూనే నడుస్తోంది. ఇరుగుపొరుగు ఇళ్ళవంక చూస్తే కడుపు మండిపోతుంది. ఆ ఇళ్ళల్లో కొడుకులున్నారు, మొగుళ్ళున్నారు. గాలివాననాడు సముద్రం పాళెంలోకి వచ్చినప్పుడు వాళ్ళందరినీ తెప్పమీద మిషను బడి మిద్దెకు చేర్చింది దేవదానమే. చివర్లో కుంటి చిన్నపోలయ్యను మిద్దె ఎక్కించి, ఇంకెవరో కేకేసినట్టుందని మళ్ళీ నీళ్ళలోకి పోయాడు. తెప్ప ఒక్కటే తిరిగొచ్చింది.

"అక్కా, రవ్వంత నిలబడు. నేను చెప్పేది..." అంటూ రాఘవమ్మ తన గడపలోంచి లేచి వచ్చింది. పెంచలమ్మ ఆగలేదు.

ఏటా ఈ పొద్దుకు వీధిలో తప్పెట్లు మోగుతుండేవి. ఇవాళ చప్పుడు లేదు. ఆమె దాటుతుంటే అరుగులమీది మాటలు కూడా ఆగిపోయాయి. నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు, నేను పోతూనే మళ్ళీ మొదలుపెడతారు అనుకుంది. నడక వడి పెంచింది.

చర్చిలో ఇద్దరే ఉన్నారు. పాస్టరు సంజీవరావు బల్లమీద కూర్చుని ఉన్నాడు. చిన్నపోలయ్య లాంతరు గాజు తుడుస్తున్నాడు. పెంచలమ్మ చుక్కను తెచ్చి పాస్టరు కాళ్ళముందు విసిరికొట్టింది.

"ఇదేంది అయ్యగారూ? నెల్లూరు నించి లారీలో పాలపొడి తెప్పించి ఇచ్చినారు. దుప్పటి ఇచ్చినారు. సరే. ఇప్పుడు పండగ గూడా దానం చేస్తుండారా?"

"కూర్చో పెంచలమ్మా. అది నేను కట్టించింది కాదు."

"మీ మాటలు వినే కట్టుంటారు. ఆ పొద్దు నా బిడ్డను పూడ్చిన గుంట కాడ ఏమంటిరి? దేవుడు తన కొడుకును ఇచ్చినాడు, నువ్వూ ఇచ్చినావు అంటిరి. నేనెప్పుడు ఇచ్చినా? నన్నెవురన్నా అడిగినారా? నేనియ్యలా. సముద్రం గుంజకపొయ్యింది."

పాస్టరు ఏదో అనబోయాడు.

"ఉండండి. ఆయన కొడుకు మూడోనాడు లేచినాడు. నా కొడుకు మూడోనాడు ఉబ్బిపొయ్యి ఒడ్డుకు కొట్టకొచ్చినాడు. ఇంగ నాకు చెప్పండి, పుట్టిన పండగ ఎట్ట చేసుకోవాల్నో."

పాస్టరు వంగి కాళ్ళముందున్న చుక్కను ఎత్తి బల్లమీద పెట్టాడు.

"నేనే కట్టినా పెద్దమ్మా," అన్నాడు చిన్నపోలయ్య.

పెంచలమ్మ చెయ్యి లేచింది. అతని చెంప ఛెళ్ళుమంది. చిన్నపోలయ్య లాంతరు గాజును మాత్రం కింద పడకుండా పట్టుకున్నాడు.

"నా బిడ్డ నిన్ను మోసింది ఇందుకేనంట్రా? చుక్క కట్టేదానికి నీకు నా ఇల్లే దొరికిందా?"

"బెత్లెహేములో గూడా చుక్క ఆ తల్లి ఉన్న ఇంటిమీదనే గదా పెద్దమ్మా నిలిచింది."

"ఆ తల్లికి బిడ్డ పుట్టినాడు. నాకు పుట్టినోడు చచ్చినాడు."

"ఆ బిడ్డ గూడా మనకోసం చచ్చేదానికే గదా పుట్టింది. చిన్నప్పటినించి ఆ మాట పాటల్లో పాడతానే ఉండా. దేవదానం నన్ను మిద్దెమీదికి తోసి పొయ్యినాకనే నాకు తెలిసొచ్చింది."

ఆ మాటకు పెంచలమ్మ మెత్తబడలేదు. ఇంకా రేగిపోయింది.

"మాటలు బాగా నేర్చినావు. మీకేం రా, ఎన్నయినా చెప్తారు. ఇంటింటికీ చుక్కలు కట్టుకోని, అరిసెలు వండుకోని, నా కొడుకు చావుమీద వాక్యాలు చెప్తారు. పో, పొయ్యి నీ ఇంటి చుక్క కింద కూసోని చెప్పుకో."

"నా ఇంటికి చుక్క లేదు పెద్దమ్మా."

"యాం? నీకేమొచ్చింది?"

"ఈ ఏడు మాకు పండగ లేదు."

"అబద్ధాలు చెప్తే ఇంకోటి తగలగలదు," అంటూ ఆమె వాకిట్లోకి వచ్చింది. వేలు చూపించి, అదిగో ఆ దీపాలేందిరా అని నిలదీయాలనుకుంది. అందుకోసమే ఇన్నాళ్ళకు మొదటిసారి తలెత్తి పాళెం వంక చూసింది.

ఈ కొసనుంచి ఆ కొసదాకా చీకటి. ఒక్క చూరుకూ చుక్క లేదు. ఏ ఇంట్లోంచీ నూనె కాగిన వాసన రావడం లేదు. రాఘవమ్మ, ఆమె పక్కింటివాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు, అందరూ అరుగులమీద నీడల్లా కూర్చుని ఉన్నారు.

చూపించబోయిన వేలు దించి, ఆమె వెనకే కుంటుకుంటూ వచ్చిన చిన్నపోలయ్య వైపు తిరిగింది.

"ఇన్ని ఇండ్లల్లో పండగ లేదంటే, ఎవుర్రా చచ్చింది?"

"మా దేవదానం పెద్దమ్మా," అన్నాడు చిన్నపోలయ్య.