పసుపు చీటీ

మార్చి పన్నెండున మేమిద్దరం తిన్నది ఉడికించిన గుడ్లు, రొట్టె. మా ఆవిడ పోయాక నాకు అబ్బిన వంట అదొక్కటే. సార్ సగం గుడ్డు వదిలేసి, ఆ అద్దె గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరగడం మొదలుపెట్టారు. అంత పెద్ద కంపెనీ యజమాని, పరాయి దేశంలో బెయిలు మీద ఉన్నారు. పరీక్షించని మందులను పరీక్షించినట్టు సంతకం చేశారన్నది కేసు.

"రేపు కోర్టుకిచ్చే వాంగ్మూలం ఏదయ్యా?"

లాయరు పంపినది బల్ల మీద పెట్టాను. ఆయన సెక్రటరీగా ఇరవై రెండేళ్లుగా చేస్తున్నట్టే, సంతకం చోట పసుపు చీటీ అంటించాను. ఆయన చీటీ చూసి సంతకం పెడతారు, చదవరు. ఆ మందుల కాగితం మీదా అలాగే పెట్టారు.

కలం మూత తీసి ఆగారు. "కళ్లజోడు ఇలా ఇవ్వు."

"ఎందుకు సార్?"

"చదవడానికి. వింతగా ఉందా?"

రెండో పేజీలో ఆయన వేలు ఆగింది. "'నా సెక్రటరీయే మోసగించి సంతకం పెట్టించాడు.' ఇది నువ్వు చూశావా?"

"చూశాను సార్."

"చూసి కూడా చీటీ అంటించావా?"

"సంతకం అక్కడే కదండీ పెట్టాలి."

"నీకు బుద్ధి లేదయ్యా. నాకు అంతకన్నా లేదు."

చీటీ పీకి, ఆ వాక్యం కొట్టేశారు.

"అది లేకపోతే జైలు ఖాయమన్నారు సార్, లాయరు."

"విన్నాను. ఆ మందుల కాగితం నకలుంటే ఇవ్వు. ఇప్పుడైనా చదువుతా."

నేనిచ్చిన నకలు అందుకుని, కూర్చుని మొదటి పేజీ తీశారు. మిగిలిన సగం గుడ్డు ఆయన చేతికి అందేలా జరిపి, నా గదికి వెళుతూ చప్పుడు కాకుండా తలుపు వేశాను.