బాగున్న కాలు

"ఆ కాలు కాదు పెద్దాయనా, ఇటుపక్కది."

బాబాయ్ చెప్పినా ముసలాయన చెయ్యి తీయలేదు.

కంచె సందులోంచి చెయ్యి దూర్చి, గుర్రం కుడి ముంగాలిని మోకాలి నుంచి గిట్ట దాకా మెల్లగా నిమిరాడు. ఎడమకాలికి అంత లావు కట్టు కనిపిస్తున్నా అటు చూడలేదు.

"సగం చెవితో సగమే వినపడుతుందేమో," అన్నాడు బాబాయ్, కాస్త పక్కకి తిరిగి.

ముసలాయన ఎడమ చెవి తమ్మె సగం లేదు. కర్ర పట్టుకుని కుంటుతూ నెల రోజులుగా పొద్దున్నే ఆ కంచె దగ్గరికి వస్తున్నాడు. ఎవరో ఏమిటో ఎవరూ అడగలేదు.

లాయంలోంచి ట్రైనరమ్మ వచ్చింది. తండ్రి పోయాక ఆ పందెం గుర్రాల్ని ఆవిడే తయారుచేస్తోంది. బాబాయ్ అక్కడ పనికి కుదిరి పదేళ్ళు. వరసకి బాబాయ్ కాకపోయినా ఆవిడ అలాగే పిలుస్తుంది.

"అమ్మా, ఈ కాలు వేడిగా ఉంది," అన్నాడు ముసలాయన.

"దెబ్బ తగిలింది దానికి కాదండీ."

"తెలుసు. పది నెలలుగా దాని బరువు కూడా మోస్తున్నది ఇదే. ఒకసారి మిషన్ కింద పెట్టించండి."

ఆవిడ ముఖం బిగుసుకుంది.

ఆ పది నెలలూ ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. ఓ పరుగులో చుక్క అనే ఈ గుర్రానికి ఎడమకాలి వెనక నరం తెగింది. యజమాని దాన్ని వదిలించుకుంటానన్నాడు. ఆవిడే కాళ్ళావేళ్ళా పడి ఆపింది. వచ్చే పందెంలో పరిగెత్తకపోతే బండి పంపుతానన్నాడాయన. బండెక్కిన గుర్రం ఎక్కడికి పోతుందో ఆ లాయంలో ఎవరూ అడగరు.

భోజనం మధ్యలో కూడా లేచి వెళ్ళి ఆ ఎడమకాలు తడిమి వచ్చేది. చల్లగా ఉంటే ఒక ముద్ద దిగేది.

ఇవాళ ఆఖరి స్కాన్. డాక్టర్ కారు గేటు దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడా ఈ మాట?

"మీకు పుణ్యముంటుంది, పొద్దున్నే అలాంటివి పలక్కండి. రేపట్నుంచి ఇటు రావద్దు."

ముసలాయన గుర్రం మెడ మీద ఒకసారి తట్టి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టర్ కట్టు విప్పి, ఎడమకాలికి జెల్ రాసి, స్కాన్ యంత్రం ఆనించాడు. తెర మీద బూడిదరంగు గీతలు వరసగా కనిపించాయి. పది నెలల కిందట అక్కడ నల్లటి గుంట ఉండేది.

"చూశారా. దీని రొమ్ము ఎముకలోంచే మూలుగ తీశాం. అందులోని మూలకణాల్ని ల్యాబ్‌లో నారు పోసినట్టు పెంచి, తెగినచోట నాటాం. నారు అంటుకుంది."

"అయితే పరిగెత్తించొచ్చా?"

"నిక్షేపంగా."

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అయినా మనసులో ఏదో ముల్లు కదిలింది.

"డాక్టర్ గారూ, ఆ రెండో కాలు..."

"దానికేమైంది? అది బాగున్న కాలేగా," అంటూ ఆయన యంత్రం తుడిచి పెట్టెలో పెట్టేస్తున్నాడు.

మళ్ళీ తీయమనడానికి ఆవిడకి మొహమాటం అడ్డొచ్చింది.

ఏడో రోజు పొద్దున చుక్కని పూర్తి వేగంతో వదిలారు.

ఆవిడ కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు వింది. నాలుగూ సమంగా పడుతున్నాయి. మలుపు దాటింది. ఇంకా సమంగానే.

ఉన్నట్టుండి ఒక చప్పుడు తప్పింది.

పరుగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద కూలబడి ఎడమకాలు తడిమింది. చల్లగా ఉంది. పైకీ కిందకీ మళ్ళీ మళ్ళీ తడిమింది. చల్లగానే ఉంది.

వెనక నుంచి బాబాయ్ గొంతు వినిపించింది.

"ఆ కాలు కాదమ్మా. ఇటుపక్కది."

ఈసారి తెర మీద నల్లటి గుంట కుడికాలిలో కనిపించింది.

డాక్టర్ తెర మీది ఆ గుంట మీద వేలు పెట్టాడు.

"ఇది ఇవాళ్టిది కాదు. నెల పైనుంచీ కొద్దికొద్దిగా చిరుగుతోంది. అప్పుడే పట్టుకుని ఉంటే విశ్రాంతితోనే నయమయ్యేది. మొదటిసారి పోల్చుకోవడానికి రెండు కాళ్ళకీ స్కాన్ తీశాను. తర్వాత బాగున్నదే కదా అని... తప్పు నాదేనమ్మా."

యజమాని ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రానికి బండి వస్తుందన్నాడు.

బాబాయ్ ముసలాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు.

"వీధి చివర అద్దెగదిలో ఉండేవాడట. ఖాళీ చేసి నాలుగు రోజులైందట. పేరు కూడా ఎవరూ చెప్పలేకపోయారమ్మా."

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. గుర్రంతో పాటు పంపాల్సిన కాగితాల కోసం ఆవిడ ఆఫీసు గదిలోకి వెళ్ళి బీరువా తలుపు లాగింది. పైనున్న ఫోటో జారి చేతుల్లో పడింది.

నాన్న మొదటి గుర్రం. చిన్నప్పటినుంచీ చూస్తున్న ఫోటోనే. దాని సంగతెత్తితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. ఎడమ ముంగాలికి తెల్లటి కట్టు. సోకు కోసం కట్టారనుకునేది ఆవిడ.

వెనక నాన్న చేతిరాత.

'కట్టు ఎడమకాలికి. ఆ తర్వాతి పరుగులో విరిగింది కుడికాలు. పరుగుకి ముందు నడకలోనే అతను కనిపెట్టి చెప్పాడు. నేను వినలేదు.'

ఆవిడ ఫోటోని మళ్ళీ ఇటు తిప్పింది.

గుర్రం మీదికి వంగి, దాని మెడ తడుతూ నవ్వుతున్న కుర్ర జాకీకి ఎడమ చెవి తమ్మె సగం లేదు.