పాడి ఉన్నవాళ్లకే

స్కూటర్ తీస్తే తప్ప పశువు గేటులో పట్టదని తేలింది. నర్సింహులు స్కూటర్‌ను వరండాలోకి ఎక్కించి, రమ్మని పోచయ్యకు సైగ చేశాడు. పోచయ్య పలుపు పట్టుకొని లాగాడు. అది తులసికోటను తప్పించుకొని, క్రోటన్ కుండీ ఒకటి పగలగొట్టి, డాబా ముందు వచ్చి నిలబడింది.

"పాలు గిట్ల పిండి సూపియ్యాల్నా పటేలా?" అని అడిగాడు పోచయ్య.

"ఏం లేదు. ఊకె నిలవడితె సాలు. ఆఫీసరు సూసి పోతడు, నువ్వు తోల్కపోతవు."

"గంతేనా, అయితె మంచిదే," అని పోచయ్య పలుపును నల్లా పైపుకు కట్టేశాడు.

నర్సింహులు పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ క్లర్కు. కాపురం బీరంగూడలో. ఆ ఇంట్లో పాలు ప్యాకెట్లో పుట్టి ఫ్రిజ్‌లో పెరుగుతాయి. పక్కనే ఉన్న సొంతూళ్లో మాత్రం పాల సంఘంలో ఆయనకు తండ్రి నుంచి వచ్చిన షేరు ఒకటి ఉంది. తండ్రి నుంచి బర్రెలు కూడా వచ్చాయి. వాటిని అమ్మి కలర్ టీవీ కొన్నారు.

ఇన్నేళ్లూ ఆ షేరును ఎవరూ పట్టించుకోలేదు. ఈ మధ్య సంఘం జాగా పక్క నుంచి పెద్ద రోడ్డు పడింది. ఆ జాగాను ప్లాట్లు చేసి షేరున్నవాళ్లకు పంచుతారన్న మాట పుట్టింది. ఆ వారంలోనే సభ్యులందరికీ పాడి మీద ప్రేమ పుట్టింది. వెనకాలే సంఘం నుంచి హెచ్చరిక కూడా వచ్చింది. ఇంట్లో పాలిచ్చే పశువు ఉన్నవాళ్లకే షేరు, లేనివాళ్లది రద్దు, ఆఫీసరు ఇంటింటికీ వచ్చి చూస్తాడు.

షేరు పోతే ప్లాటు పోతుంది. ఆయన భార్య కౌసల్య అప్పటికే ఆ ప్లాటులో తూర్పు వాకిలితో ఇల్లు కట్టేసి, పై పోర్షన్ కిరాయికి కూడా ఇచ్చేసింది, మనసులోనే అయినా అడ్వాన్సు తీసుకొని మరీ. అందుకే నర్సింహులు ఊళ్లోకి పోయి పోచయ్యను పట్టుకొచ్చాడు.

పోచయ్యకు షేరు లేదు. రోజూ రెండు క్యాన్ల పాలు పోసేవాడికి సంఘం మీటింగులకు తీరిక ఎక్కడ ఉంటుందని కమిటీ వాళ్లు ఇవ్వలేదు. కమిటీలో నర్సింహులు కూడా ఉన్నాడు. ఈ గండం గట్టెక్కితే పోచయ్య షేరు సంగతి తానే మాట్లాడతానని మొన్న మాట ఇచ్చాడు.

కౌసల్య పసుపు కుంకుమలతో బయటికి వచ్చి, చేయి చాచినంత దూరం చాచి, పశువు నుదుట బొట్టు పెట్టింది. మెడలో బంతిపూల దండ వేసింది. తర్వాత చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే తీసే గులాబీల బెడ్‌షీటు పట్టుకొచ్చింది.

"అదెందుకే?" అన్నాడు నర్సింహులు.

"వచ్చేది ఆఫీసరు. ఇది గిట్ల బరివాత నిలవడితె మన ఇజ్జత్ ఏం గావాలె?"

"కప్పుండ్రి అమ్మా, కిందిదాంక మంచిగ కప్పుండ్రి," అన్నాడు పోచయ్య. తానే రెండు కొసలూ మోకాళ్ల దాకా సర్దాడు.

ఆఫీసరు జీపు దిగి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకొని, గేటు దగ్గరే ఆగాడు. కొమ్ములను చూసి అక్కడే ఉండిపోయాడు. తాను పశువుల సైన్సు చదువుకున్నవాడినని, దగ్గరికి పోయి తడిమి చూడటం చదువు లేనివాళ్ల పద్ధతని, ముఖం చూసి లీటర్లు చెప్పగలనని వివరించాడు.

"ఎన్నో ఈత?" అని అడిగాడు.

"రెండోది సార్," అన్నాడు నర్సింహులు.

"మూడోది సార్," అంది కౌసల్య అదే క్షణంలో.

"ఇటువంటివి ఆడవాళ్లకే గుర్తుంటాయి," అని ఆఫీసరు మూడు వేసుకున్నాడు. "మరి దూడ ఏదీ?"

నర్సింహులుకు తూర్పు వాకిలి కళ్ల ముందే మూసుకుపోతున్నట్టు అనిపించింది.

"మా అమ్మగారింటికి పంపినం సార్," అంది కౌసల్య. "ఈడ దోమలు."

దూడ గురించి ఇంత శ్రద్ధ పల్లెల్లో కూడా చూడలేదని ఆఫీసరు మెచ్చుకున్నాడు. పూటకు ఎన్ని లీటర్లని అడిగితే నర్సింహులు ఐదన్నాడు. అది ఆయన స్కూటర్ ట్యాంకులో పట్టే లెక్క. మరి పాల సెంటర్లో పోయరేమని అడిగితే పిల్లలకే సరిపోవడం లేదన్నాడు.

కౌసల్య ప్యాకెట్ కవరును గ్యాస్ సిలిండర్ వెనక దాచి చాయ్ తెచ్చింది. ఆఫీసరు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"ఇంటి పాడి రుచే వేరమ్మా. బజారు పాలల్లో ఇది రమ్మన్నా రాదు." కళ్లు తెరిచి పశువు వైపు చూశాడు. "ఆ చూపు గమనించండి. తల్లి చూపు."

కౌసల్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పోతూ పోతూ ఆయన పోచయ్యను చూసి ఎవరని అడిగాడు. తమ జీతగాడని నర్సింహులు చెప్పాడు. మనిషి పనిమంతుడిలా ఉన్నాడు, ఇతనికి కూడా ఒక షేరు ఇప్పించరాదా అన్నాడు ఆఫీసరు.

"రూల్సు ఒప్పుకోవు సార్," అన్నాడు నర్సింహులు. "పాడి గురించి తెలిసినోళ్లకే ఇయ్యాలె గద."

ఆఫీసరు 'మేలు జాతి పాడి గేదె, షేరు కొనసాగించవచ్చు' అని సంతకం పెట్టి జీపు ఎక్కాడు.

జీపు మలుపు తిరిగాక నర్సింహులు ధైర్యం చేసి, బెడ్‌షీటు మీద నుంచే పశువు వీపు నిమిరాడు.

"ఏం బర్రెరా పోచయ్యా. లచ్చిమి అంటె ఇదే."

పోచయ్య బెడ్‌షీటు తీసి, మడత పెట్టి, కౌసల్య చేతికిచ్చాడు.

తర్వాత తన దున్నపోతును విప్పుకొని పోయాడు.